వికెట్ కీపింగ్ మర్చిపోవడానికి పట్టిన పదహారు వారాలు

ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ కాలేజీ జట్టుకి కీపింగ్ చేశాను. ఆ ధైర్యంతోనే 2025 జనవరిలో మా అబ్బాయి బేస్‌బాల్ జట్టులో క్యాచర్లకి నేర్పుతానని వాలంటీర్ కోచ్‌గా పేరిచ్చాను. మొదటి ప్రాక్టీసు ఫిబ్రవరి 10న, చివరి మ్యాచ్ మే 31న. కీపరూ క్యాచరూ ఇద్దరూ బ్యాటర్ వెనకే కూర్చుంటారు, కానీ చేతులకి నేర్పాల్సింది దాదాపు తలకిందులు. అది నాకు మాటల్లో అర్థం కావడానికి ఒక వారం, ఒంటికి అర్థం కావడానికి సీజనంతా పట్టింది. డల్లస్‌కి ఉత్తరాన మా చుట్టుపక్కల తెలుగువాళ్లు ముగ్గురు నలుగురు "మావాడు క్యాచర్ ఆడతానంటున్నాడు, ఏం చేయాలి" అని అడిగారు. వాళ్లకోసం జరిగింది జరిగినట్టు, తేదీలతో, ఖర్చులతో రాస్తున్నాను.

జనవరి 6న ఆన్‌లైన్‌లో వాలంటీర్ దరఖాస్తు పెట్టాను. బ్యాక్‌గ్రౌండ్ చెక్ క్లియర్ కావడానికి 9 రోజులు పట్టింది. ఆ లోపు రెండు ఆన్‌లైన్ శిక్షణలు పూర్తి చేయాలి. ఒకటి పిల్లలపై వేధింపులను గుర్తించడం గురించి, రెండోది తలకి దెబ్బ తగిలితే ఏం చూడాలి, ఎప్పుడు ఆట నుంచి తీసేయాలి అన్నదాని గురించి. రెండూ కలిపి గంటన్నర. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసేదాకా మైదానంలోకి రానివ్వరు, బంతులు అందివ్వడానికి కూడా. మా జట్టులో ఇంకో నాన్నగారు ఇదంతా ఫిబ్రవరిలో చూసుకోవచ్చులే అనుకుని మొదటి రెండు ప్రాక్టీసులు కంచె బయట నిలబడి చూశారు. మీకు ఆలోచన ఉంటే సంక్రాంతి లోపే పూర్తి చేసేయండి.

ఫిబ్రవరి 1న పిల్లల పరీక్ష. ఒక్కొక్కరికీ నేలబంతులు ఐదు, గాల్లోవి మూడు, బ్యాటింగ్‌కి ఐదు. చివర్లో "క్యాచర్ ఎవరాడతారు" అని అడిగితే నలభై మందికి పైగా ఉన్న పిల్లల్లో నలుగురు చెయ్యెత్తారు. 4వ తేదీ రాత్రి కోచ్‌లు జట్లు పంచుకున్నప్పుడు ఆ నలుగురూ మొదటి రెండు వంతుల్లోనే అయిపోయారు. మీవాడు చెయ్యెత్తితే జట్టులో చోటు ఖాయం. అయితే ప్రతి ప్రాక్టీసులోనూ ప్రతి పిచరూ (బంతి వేసేవాడు) వాణ్ణే కూర్చోబెట్టి బంతులు వేయించుకుంటాడు. కొత్తగా వచ్చే తల్లిదండ్రులకి ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు.

సామాన్లకి వచ్చేసరికి, మేం కొన్నవి ఇవి. హెల్మెట్, ఛాతీ కవచం, మోకాలి నుంచి పాదం దాకా వచ్చే లెగ్ గార్డులు కలిపి ఒక సెట్టు 229 డాలర్లు. 32 అంగుళాల మిట్ (క్యాచర్ వేసుకునే గ్లవ్) 120. కప్ (తొడల మధ్య పెట్టుకునే కవచం) 18. హెల్మెట్‌కి వేలాడే గొంతు కవచం 12. ఛాతీ కవచం కొనేటప్పుడు ధర కంటే ముందు దాని మీద గుండెదెబ్బ ప్రమాణం ముద్ర, అంటే 'ఎన్‌ఓసీఎస్‌ఏఈ' గుర్తు, ఉందో లేదో చూడండి. గుండె కొట్టుకునే లయలో ఒక చిన్న క్షణంలో బంతి సరిగ్గా ఛాతీకి తగిలితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. దెబ్బ పెద్దది కానక్కర్లేదు. పాత సెట్టు ఎవరో ఉచితంగా ఇస్తామన్నారు కానీ దానిమీద ఆ ముద్ర లేదు, అందుకే తీసుకోలేదు. కవచం పొడవు కూడా కొలిపించాలి. పిల్లాడు గొంతుక్కూర్చున్నప్పుడు దాని పై అంచు గొంతుకి తగలకూడదు, కింది అంచు తొడల మీద మడత పడకూడదు. నిలబెట్టి కొలిస్తే రెండూ సరిపోయినట్టే కనిపిస్తాయి.

మిట్ మెత్తబడటానికి 18 రోజులు పట్టింది. కొత్త మిట్ చెక్కలా ఉంటుంది, లోపల పడ్డ బంతి ఎగిరి బయటికొస్తుంది, పిల్లాడు తప్పు తనదనుకుంటాడు. మామూలు ఫీల్డింగ్ గ్లవ్ లాగా దీన్ని మధ్యకి మడవకూడదు. గుంట బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన, కాస్త పైకి పడాలి. తోలు నూనె చాలా కొద్దిగా రాసి, చెక్క సుత్తితో ఆ గుంట దగ్గరే రోజూ రాత్రి రెండు వందల దెబ్బలు కొట్టి, బంతి లోపల పెట్టి, అంచులు గుండ్రంగా ఉండేలా కట్టి పడుకునేవాళ్లం. నూనె ఎక్కువైతే తోలు బరువెక్కి వేలాడుతుంది, మళ్లీ గట్టిపడదు.

నాకు నేర్పినాయన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లలకి నేను చెప్పిన ప్రతి మాటా ఆయన నుంచి వచ్చిందే. మైనర్ లీగ్‌లో ఆరు సీజన్లు క్యాచర్‌గా ఆడి డబుల్-ఏ దాకా, అంటే అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్‌కి రెండు మెట్ల కింది దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయారు. తర్వాత ఒక సీజన్ బుల్‌పెన్ క్యాచర్‌గా చేశారు, అంటే మ్యాచ్‌లో ఆడకుండా పిచర్ల వార్మప్ బంతులు అందుకునే పని. ఇప్పుడు ఇండోర్ కేజ్‌లో పాఠాలు చెప్తున్నారు. జనవరి 28న ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత, ఫిబ్రవరి 18 మంగళవారం, ఖాళీ దొరికింది. అరగంట 55 డాలర్లు, ఆరు పాఠాలు కలిపి తీసుకుంటే 300. నేను నేర్పబోతున్నానని చెప్పాక పిల్లాడితో పాటు నన్నూ మిట్ వేసుకుని కూర్చోమన్నారు.

మొదటి రోజు ఆయన కుడిచెయ్యి చాపి చూపించారు. చూపుడువేలు మొదటి కణుపు దగ్గర బయటికి వంగి ఉంది, బొటనవేలి గోరు సగానికి నిలువుగా చీలి అలాగే పెరిగింది. బ్యాట్ అంచుకి తగిలి దిశ మారిన బంతి, ఫౌల్ టిప్ అంటారు, నాలుగుసార్లు ఆ వేళ్లకి తగిలిందట. "మిట్ లేని చెయ్యి నీ జీతం, దాన్ని దాచుకో" అన్నారు. కీపర్‌కి రెండు గ్లవ్‌లు, రెండు చేతులూ కలిపి పట్టడమే పద్ధతి. క్యాచర్‌కి ఎడమచేతికి మాత్రమే మిట్. బేస్‌ల మీద (పరుగు కోసం వరసగా తాకాల్సిన చోట్లు) రన్నర్లు, అంటే ఎదుటి జట్టు ఆటగాళ్లు, లేనప్పుడు కుడిచెయ్యి కుడి చీలమండ వెనక్కి పోవాలి. రన్నర్ ఉంటే మిట్ వెనకాల, బొటనవేలు లోపలికి మడిచిన పిడికిలిగా ఉండాలి. మొదటి పాఠంలో అరగంటలో పదకొండుసార్లు నా కుడిచెయ్యి దానంతటదే బంతి దగ్గరికి వెళ్లింది. పదకొండుసార్లూ ఆయన ఆపి మళ్లీ చేయించారు.

క్యాచర్లే ఎందుకు ఎక్కువగా కోచ్‌లూ మేనేజర్లూ అవుతారని రెండో పాఠంలో అడిగాను. పిచర్ల మీటింగ్‌లోనూ బ్యాటర్ల మీటింగ్‌లోనూ రెండింటిలోనూ కూర్చునేది జట్టులో క్యాచర్ ఒక్కడే అన్నారు. మిగతా ఎనిమిది మందీ ఇటు చూస్తుంటే ఒక్కడే అటు, మైదానం మొత్తం కనపడేలా కూర్చుంటాడు. మా పక్కనే ఆర్లింగ్టన్‌లో ఆడే రేంజర్స్ 2023లో తొలిసారి వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచినప్పుడు మేనేజర్ బ్రూస్ బోచీ, ఆయన తొమ్మిది మేజర్ లీగ్ సీజన్లు ఎక్కువగా రెండో క్యాచర్‌గానే ఆడారు. ఇంకో క్యాచర్ స్టీఫెన్ వోట్ 2022లో ఆడటం మానేసి, 2023లో సియాటిల్‌లో బుల్‌పెన్ కోచ్‌గా ఒక్క ఏడాది చేసి, 2024లో క్లీవ్‌ల్యాండ్ మేనేజర్‌గా అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ అవార్డు తీసుకున్నారు. మేజర్ లీగ్‌లో మొదటి హిట్ కొట్టడానికి ముందు ఆయన 32 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఒక్క హిట్టూ లేకుండా వెళ్లారు. ఆ 32 గురించి చెప్పేటప్పుడు మా కోచ్ గొంతులో గౌరవం వినిపించింది. మన దగ్గర చూసినా గుంటూరు నుంచి వచ్చిన ఎమ్మెస్కే ప్రసాద్ కీపరే, తర్వాత జాతీయ సెలక్టర్ల చైర్మన్ అయ్యారు.

అయితే అందరికీ ఆ దారి ఉండదు. 2022లో కూడా డబుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లే ఉండేది. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్లకి తొలి ఉమ్మడి ఒప్పందం కుదిరాక అది 30,250 అయింది. సీజన్‌కి ముందు జరిగే స్ప్రింగ్ ట్రైనింగ్‌లో పిచర్లు పదుల సంఖ్యలో వస్తారు, వాళ్ల బంతులు పట్టడానికి మనుషులు కావాలి కాబట్టి ప్రతి జట్టూ క్యాచర్లని ఎక్కువమందిని పెట్టుకుంటుంది. అందులో చాలామంది పైకి వెళ్తారన్న ఆశతో తీసుకున్నవాళ్లు కారు. తను ఆ కోవలోకి వస్తానని నాలుగో సీజన్లో తెలిసిందట. తెలిసినా రెండేళ్లు ఉన్నారు.

ఇక బంతి పట్టడం గురించి. కీపర్‌కి మొదటిరోజు నేర్పేది, బంతి వచ్చేటప్పుడు చేతులు మెత్తగా వెనక్కి తీసుకెళ్లమని. బంతి వేగాన్ని చేతులు మింగాలి. క్యాచర్ అలా చేస్తే స్ట్రైక్ (బ్యాటర్‌కి వ్యతిరేకంగా లెక్క, మూడైతే అవుట్) కావాల్సిన బంతి కాస్తా బాల్ (బ్యాటర్‌కి అనుకూలమైన లెక్క) అయిపోతుంది. బంతి ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీదుండే పలక) దాటిన చోటుని బట్టే అంపైర్ నిర్ణయించాలి, నిజమే, కానీ ఆయన కంటికి మిట్ ఆగిన చోటు బలంగా కనిపిస్తుంది. మోకాలి ఎత్తులో వచ్చిన మంచి బంతిని మెత్తగా కిందికి లాగితే మిట్ చీలమండ దగ్గర ఆగుతుంది. అందుకని మిట్ ముందే నేల దగ్గర వదులుగా ఉండి, బంతి కిందికి దిగుతుంటే చెయ్యి కిందినుంచి పైకి వెళ్లి, అందుకుని అక్కడే ఆగాలి. నాకు ఇది అన్నిటికంటే కష్టమైంది. ముప్పై ఏళ్లుగా మెత్తబడమని నేర్పిన మణికట్టుని గట్టిపడమనడం అది.

పిల్లలకి దీన్ని టెన్నిస్ బంతితో, మిట్ లేకుండా, 15 అడుగుల దూరం నుంచి మొదలుపెట్టాం. ఎడమచేత్తో మాత్రమే, ఇరవై చొప్పున రెండుసార్లు. అరచేతి మధ్యలో తగిలితే చప్పుడు వేరు, చూపుడువేలి మొదట్లో తగిలితే వేరు. రెండో వారానికి చూడకుండానే చప్పుడుని బట్టి తెలిసిపోతుంది. మిట్‌తో అరచేతిలో పడితే చెయ్యి మొద్దుబారుతుంది, పిల్లాడు ఆరు ఇన్నింగ్స్ మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్‌కే బంతికి భయపడటం మొదలుపెడతాడు. స్ట్రైక్‌గా లెక్కపడే జోన్‌కి ఆమడ దూరంలో పడ్డ బంతిని లోపలికి లాగి చూపించొద్దని కూడా గట్టిగా చెప్పాలి. అది అంపైర్‌ని మోసం చేయబోయినట్టుంటుంది, తర్వాత వచ్చే అంచు బంతులు కూడా మనకి ఇవ్వరు.

కూర్చునే భంగిమ దగ్గర మన పిల్లలకి ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో తాతలు, అమ్మమ్మలు గొంతుక్కూర్చోవడం చూసి పెరిగిన పిల్లలు పాదాలు పూర్తిగా నేలకానించి కూర్చోగలరు. మా జట్టులో మిగతా పిల్లల మడమలు లేచిపోయి వెనక్కి పడిపోయేవారు. ఇప్పుడు పైస్థాయి క్యాచర్లు చాలామంది ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చుంటున్నారు, దానివల్ల కింది బంతి దగ్గరికి మిట్ తేలిగ్గా వెళ్తుంది. ముందు మిన్నెసోటా జట్టులో, తర్వాత న్యూయార్క్ యాంకీస్ జట్టులో క్యాచర్లకి నేర్పిన కోచ్ టానర్ స్వాన్సన్ పేరు ఈ పద్ధతికి ఎక్కువగా వినిపిస్తుంది. ఆయన మేజర్ లీగ్‌లో ఆడినవారు కారు. మా కోచ్ పాతకాలపువారే అయినా రన్నర్లు లేనప్పుడు ఎడమ మోకాలు దించనిచ్చారు. రన్నర్ ఉంటే రెండు పాదాల మీదే. పదకొండేళ్ల పిల్లలకి ఈ విభజన సరిపోయింది.

బ్యాటర్‌కి ఎంత దగ్గర కూర్చోవాలన్నది ఇంకో పెద్ద సంగతి. దూరమైతే కింది బంతులు ముందే నేలపడతాయి, దగ్గరైతే బ్యాట్ మిట్‌కి తగులుతుంది, బ్యాటర్‌కి ఊరికే మొదటి బేస్ ఇస్తారు. 2024 మే 7న సెయింట్ లూయిస్ క్యాచర్ విల్సన్ కాంట్రెరాస్ ముంజేయి బ్యాట్ తగిలి విరిగింది. మేం పెట్టుకున్న కొలత ఒకటే. కూర్చుని మిట్ పూర్తిగా చాపితే బ్యాటర్ వెనకమోచేతికి అందీ అందనట్టు ఉండాలి. బ్యాటర్ తను నిలబడే గీతల పెట్టెలో వెనక్కి జరిగితే మనమూ జరగాలి. ప్రతి కొత్త బ్యాటర్‌కీ కొలత మళ్లీ మొదలు.

బ్లాకింగ్ గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మేం ఎదుటి జట్టుకిచ్చిన పరుగుల్లో సగానికి పైగా పోయింది ఇక్కడే. క్రికెట్‌లో బైలు ఇచ్చిన కీపర్ ఎలాగో, పాస్డ్ బాల్ ఇచ్చిన క్యాచర్ అలాగ. కానీ నేలకి తగిలి లేచే బంతిని చేతులతో అందుకోవడమే కీపింగ్. బంతితో పాటే లేవాలి, తొందరపడి ముందే లేవకూడదు. క్యాచర్ నేలకి తగిలిన బంతిని అందుకోవడానికి ప్రయత్నించనే కూడదు. ఒంటితో ఆపి, తన ముందే మూడడుగుల్లోపు చచ్చిపడేలా చేయాలి. ముందుగా మిట్ రెండు మోకాళ్ల మధ్య ఖాళీని మూస్తుంది, దాని వెనకే మోకాళ్లు దిగుతాయి. గడ్డం ఛాతీకి ఆనాలి, భుజాలు ముందుకి గుండ్రంగా ఒంగాలి, ఊపిరి వదిలేయాలి. ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగిస్తే బంతి గోడకి తగిలినట్టు ఎగిరి పోతుంది. పక్కకి పడ్డ బంతికైతే బయటి మోకాలితో మొదలుపెట్టి, భుజాలని లోపలికి, ప్లేటు వైపు తిప్పాలి. లేదంటే ఛాతీకి తగిలిన బంతి డగౌట్ (జట్టు కూర్చునే చోటు) వైపు పోతుంది.

మొదటి వారం బంతే వాడలేదు. "దిగు" అంటే దిగడం, పది చొప్పున మూడుసార్లు. రెండో వారం మెత్తటి బంతులు, డజను 38 డాలర్లు. మూడో వారం అసలు బంతులు, ముప్పై అడుగుల నుంచి చేత్తో విసురుతూ. రోజుకి పాతిక మించకుండా చూశాను. పాతిక దాటితే పిల్లాడు అలిసి, మిట్‌తో పొడుచుకోవడం మొదలవుతుంది, అప్పటిదాకా నేర్చుకున్నదంతా ఆ చివరి పది బంతుల్లో చెడిపోతుంది. చాలామంది చేసే పొరపాటు బంతి వచ్చేటప్పుడు తల పక్కకి తిప్పడం. తల తిప్పితే హెల్మెట్ ముందుభాగం కాకుండా చెవీ మెడా తెరుచుకుంటాయి. "అన్నా, మావాడు కళ్లు మూసుకుంటున్నాడేమో చూడండి" అని మా జట్టులో ఒకాయన అడిగారు. నిజంగానే మూసుకుంటున్నాడు. వాడికి మిట్ తీసేసి, చేతులు వెనక్కి కట్టుకోమని, మెత్తటి బంతులు నేరుగా ఛాతీ కవచానికి విసిరాం. ఇరవై తగిలాక నొప్పి లేదని ఒంటికి తెలిసింది, కళ్లు తెరుచుకున్నాయి.

మార్చి 1న స్నేహపూర్వక మ్యాచ్. అంపైర్ మావాణ్ణి చూసి ఆట ఆపేశారు. హెల్మెట్ హాకీ తరహాది, గొంతు దాకా కప్పేదే, అయినా లిటిల్ లీగ్ (మేం ఆడే పిల్లల బేస్‌బాల్ సంస్థ) నిబంధన ప్రకారం వేలాడే గొంతు కవచం విడిగా ఉండి తీరాలి. 12 డాలర్లది ఇంట్లో డబ్బాలోనే ఉండిపోయింది. ఎదుటి జట్టు దగ్గర అరువు తెచ్చి ఐదు నిమిషాల్లో కట్టాం. మూడో ఇన్నింగ్స్‌లో నేలకి తగిలిన బంతి ఒకటి లేచి సరిగ్గా దానికే తగిలింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. ఆ రాత్రి మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది ముందు రోజు ఎందుకు కట్టలేదని.

మొదటి బేస్ మీదున్న రన్నర్ రెండో బేస్‌కి పరిగెత్తబోతే అతన్ని అవుట్ చేయడానికి క్యాచర్ అక్కడికి బంతి విసరాలి. ఈ విసరడం దగ్గర నేను మూడు వారాలు తప్పుగా నేర్పాను. పెద్దల మైదానంలో హోమ్ ప్లేటు నుంచి రెండో బేస్‌కి 127 అడుగుల 3 అంగుళాలు. మేజర్ లీగ్ క్యాచర్ మిట్‌లో బంతి పడినప్పటి నుంచి అవతలి గ్లవ్‌లో పడేదాకా సగటున 2 సెకన్లు. మా పిల్లల మైదానంలో బేస్‌ల మధ్య 60 అడుగులే, కాబట్టి ఆ దూరం 84 అడుగుల 10 అంగుళాలు. పైగా బంతి బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే రన్నర్లకి మూడున్నర సెకన్లు అటూ ఇటూగా పడుతోంది. మావాడు మార్చి మొదట్లో 2.9, సీజన్ చివరికి 2.5. అంటే మొదట్నుంచీ సమయం ఉంది! నేను "త్వరగా, త్వరగా" అనడం వల్ల వాడు కంగారుగా విసిరి బంతిని రెండో బేస్ వెనకున్న సెంటర్ ఫీల్డ్‌లోకి పంపేవాడు, రెండో బేస్ దగ్గర ఆగాల్సిన రన్నర్ మూడో బేస్‌కి వెళ్లేవాడు. కోచ్ చెప్పాక మాట మార్చాం. "ఒక టప్పా పడినా పర్లేదు, బేస్‌కి కుడిపక్క మోకాలి ఎత్తులో పడాలి." పాదాలు ముందు, చెయ్యి తర్వాత. కుడిపాదం ఎడమపాదం ఉన్న చోటికి రావాలి, బంతి మిట్ నుంచి కుడిచెవి దగ్గర చేతికి మారాలి, నాలుగు కుట్ల మీద వేళ్లు పడాలి. ఈ మార్పు తర్వాతి ఆరు మ్యాచ్‌ల్లో ఐదుగుర్ని అవుట్ చేశాడు. అంతకు ముందు ఒక్కరూ లేరు.

గాల్లోకి లేచిన ఫౌల్ బంతుల దగ్గర మాత్రం నా కీపింగ్ పనికొస్తుందనుకున్నాను. అదీ కాదు. బ్యాట్ పై అంచు తగిలి ప్లేటు వెనక లేచిన బంతికి వెనక్కి తిరిగే స్పిన్ ఉంటుంది, పైకి వెళ్లి దిగేటప్పుడు అది మైదానం వైపు వంపు తిరుగుతుంది. అందుకని క్యాచర్ మైదానానికి వీపు పెట్టి నిలబడాలి, బంతి తన వైపుకే వస్తుంది. మైదానం వైపు మొహం పెట్టి వెనక్కి నడిస్తే బంతి తల మీదుగా ముందుకి పోతుంది. హెల్మెట్ వెంటనే విసిరేయకూడదు. బంతి కనిపించాక, తను వెళ్లే దిశకి ఎదురుగా విసరాలి, లేదంటే దానిమీదే కాలు పడుతుంది.

చిన్న డివిజన్ నుంచి వచ్చిన పిల్లలకి తెలియని నియమం ఒకటుంది. మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ నేలకి తగలకుండా పట్టకపోతే, మొదటి బేస్ ఖాళీగా ఉన్నా లేదా ఇద్దరు అవుటయి ఉన్నా బ్యాటర్ పరిగెత్తొచ్చు. కింది డివిజన్‌లో ఈ నియమం ఉండదు కాబట్టి పిల్లలు స్ట్రైక్ మూడు అనగానే బంతి వదిలేసి లేచిపోతారు. మొదటి మ్యాచ్‌లో (మార్చి 8) ఇలా ఇద్దరు మొదటి బేస్ చేరారు. ఇద్దరు అవుటై బేస్‌లన్నీ నిండి ఉంటే ఎక్కడికీ విసరనక్కర్లేదు, బంతి తీసుకుని హోమ్ ప్లేటు తొక్కితే చాలు. ఇది చెప్పినప్పుడు పిల్లల మొహాలు వెలిగాయి.

ఏప్రిల్ 12 నా తప్పు. లిటిల్ లీగ్‌లో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఇన్నింగ్స్ క్యాచర్‌గా కూర్చున్నవాడు ఆ రోజు బంతి వేయకూడదు. 41 లేదా అంతకు మించి బంతులు వేసిన పిచర్ ఆ రోజు క్యాచర్‌గా కూర్చోకూడదు. మావాడు మూడు ఇన్నింగ్స్ చేశాక నాలుగో దాంట్లో మొదటి బ్యాటర్‌కి రెండు బంతులు అందుకున్నాడు, అప్పుడే ఆలస్యంగా వచ్చిన రెండో క్యాచర్ కవచాలు కట్టుకోవడం పూర్తయింది, మార్చేశాం. నా కాగితం మీద 'మూడు' అని రాసుకున్నాను. ఆరో ఇన్నింగ్స్‌లో వాణ్ణి పిచర్‌గా పంపితే ఎదుటి మేనేజర్ అంపైర్ దగ్గరికి వెళ్లారు. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి అందుకున్నా నాలుగు ఇన్నింగ్స్ కిందే లెక్క. మొదటి బంతి వేయకముందే తీసేయాల్సి వచ్చింది, చేతిలో వేరే పిచర్ లేడు, ఆధిక్యంలో ఉన్న మ్యాచ్ పోయింది. మావాడు కారులో ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఇన్నింగ్స్‌కి కాకుండా బంతికి గీత పెట్టడం మొదలుపెట్టాను, పిచర్‌కి ఒక వరస, క్యాచర్‌కి ఒక వరస.

ఏప్రిల్ 26న రన్నర్ మొదటి బేస్ మీద ఉండగా ఫౌల్ టిప్ వాడి కుడి బొటనవేలికి తగిలింది. రన్నర్‌ని పట్టాలన్న ఆత్రంలో పిడికిలి మిట్ వెనక నుంచి పక్కకి వచ్చింది. అర్జెంట్ కేర్‌లో రెండు గంటలు కూర్చున్నాం, కోపే (ఇన్సూరెన్స్ పోగా మన వాటా) 75 డాలర్లు, ఎముక విరగలేదు. గోరు నల్లబడింది. ఆ రెండు గంటలూ నా కళ్ల ముందు కోచ్ చీలిన గోరే. మా ఆవిడ ఈ ఆట ఇక వద్దంది, నేను ఎదురు చెప్పలేదు. ఐదో రోజున వాడే "నాన్నా, నేను బొటనవేలు బయటపెట్టాను, అందుకే తగిలింది, నాకు తెలుసు" అన్నాడు. పది రోజుల తర్వాత, మే 6న, మళ్లీ కూర్చున్నాడు.

మే నెలలో ఎండ ఇంకో సమస్య. ఆరు ఇన్నింగ్స్ మొత్తం ఒకడే చేస్తే వార్మప్‌లు కలిపి నూట ఇరవైకి పైగా బంతులు, ప్రతిదానికీ గొంతుక్కూర్చుని లేవడం. అందుకే మ్యాచ్‌కి ఇద్దరు క్యాచర్లు, చెరి మూడు ఇన్నింగ్స్ అని పెట్టుకున్నాం. ఇన్నింగ్స్ మధ్యలో కవచాలు విప్పొద్దు కానీ హెల్మెట్ తీసి, మెడ వెనక చల్లటి తువ్వాలు వేసి, దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగించాలి. మన జట్టు బ్యాటింగ్‌లో వాడి వంతు నాలుగో మనిషి తర్వాతైతే లెగ్ గార్డులు కూడా వదులు చేయొచ్చు.

చిన్నవే, కానీ ముందే తెలిస్తే బాగుండేదనిపించినవి ఇంకొన్ని ఉన్నాయి. ఏ బంతి వేయాలో క్యాచర్ పిచర్‌కి చేసే సైగలు ఈ వయసులో రెండు చాలు. ఒక వేలు నేరుగా వేసే వేగం బంతి, నాలుగు వేళ్లు ఆడిస్తే వేగం తగ్గించిన బంతి. పిచర్‌కి వేళ్లు కనపడటం లేదంటే గోళ్ల మీద తెల్ల స్టిక్కర్లు అంటించండి, మూడో బేస్ దగ్గరి కోచ్‌కి కనపడకుండా మిట్‌ని ఎడమ మోకాలి మీదుగా వేలాడదీయమనండి. అంపైర్‌కి బంతి తగిలితే క్యాచర్ బంతి పట్టుకుని పిచర్ దగ్గరికి నడిచి వెళ్లాలి, ఆయన సర్దుకోవడానికి అర నిమిషం దొరుకుతుంది. తిరిగి చూసి వాదించకూడదు. ఏదైనా అడగాలంటే మొహం మైదానం వైపే ఉంచి అడగాలి. ఇంట్లో నెమ్మదిగా మాట్లాడే మావాడికి ఎంతమంది అవుటయ్యారో అరిచి చెప్పడమే బ్లాకింగ్ కంటే కష్టమైంది. వెనక కంచె దగ్గర నిలబడి, సెంటర్ ఫీల్డ్‌లో ఉన్న నాకు వినపడేదాకా చెప్పమనేవాణ్ణి. ఏప్రిల్ మధ్యకి గాని ఆ గొంతు నా దాకా రాలేదు.

రిజిస్ట్రేషన్ 185తో కలిపి సీజన్ ఖర్చు సుమారు 900 డాలర్లు, అర్జెంట్ కేర్ కాకుండా. మే చివర్లో మిట్ తోలుతాడు ఒకటి తెగింది, మళ్లీ కట్టించడానికి 9 రోజులు పట్టింది. ఆడేటప్పుడు రెండో మిట్ లేకపోవడం ఇబ్బందే.

వచ్చే సీజన్లో వాడు 70 అడుగుల బేస్‌ల డివిజన్‌కి వెళ్తున్నాడు. అక్కడ రన్నర్లు బంతి వేయకముందే బేస్ వదిలి ముందుకి రావొచ్చు, అందుకని ఈసారి వేగమూ కావాలి. రెండో బేస్‌కి 85 అడుగులు కాస్తా 99 అవుతుంది. నిన్న సాయంత్రం టేపుతో కొలిచి పార్కులో 99 దగ్గర ఒక కోన్ పెట్టాం. వాడు పది విసిరాడు, నాలుగు ఒక టప్పాతో చేరాయి.